తోకచుక్కను గీసే చేయి

ఒకే తోకచుక్కను వారం రోజుల పాటు టెలిస్కోప్‌లో చూసి, రోజుకో బొమ్మ గీసిన నోటుపుస్తకం ఎప్పుడైనా తిరగేశారా? ఏడు రకాల తోకచుక్కలు గీశారేమో అనిపిస్తుంది. తల ఒకనాడు నిండు గుండ్రంగా ఉంటుంది, మర్నాడు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. తోక ఒకనాడు విసనకర్రలా విచ్చుకుంటుంది, నాలుగో నాటికి సన్నటి గీతగా మిగులుతుంది. చంద్రుడి రూపమూ రోజూ మారుతుంది గానీ దానికి పంచాంగంలో లెక్క ఉంది. తోకచుక్క ఎక్కడ ఉంటుందో గణితం ముందే చెప్పగలదు. ఎలా ఉంటుందో మాత్రం ఆ రాత్రి ఐపీస్‌కు కన్ను ఆనించినవాళ్లే చెప్పాలి. నిలకడ లేని ఆ రూపాన్ని ఉన్నదున్నట్టుగా కాగితం మీదికి దించడం చాలా గొప్ప పనితనమని నా నమ్మకం. ఆ పని ఎలా జరుగుతుందో, దాన్ని ఎవరు ఎంత ఎత్తుకు తీసుకెళ్లారో, మన హైదరాబాద్ నగరంలో దానికి ఎలాంటి వారసత్వం ఉందో పాఠకులకు పరిచయం చేయడానికే ఈ వ్యాసం.

మెట్టుగూడ మీద ఒక అతిథి

2024లో వచ్చిన త్సుచిన్‌షాన్–అట్లాస్ తోకచుక్కతో మొదలుపెడదాం. 2023 జనవరిలో చైనాలోని పర్పుల్ మౌంటెన్ అబ్జర్వేటరీ, ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోప్ దీన్ని విడివిడిగా కనిపెట్టాయి కాబట్టి పేరులో రెండూ చేరాయి. 2024 సెప్టెంబర్ 27న అది సూర్యుడికి 6 కోట్ల కిలోమీటర్ల లోపుకు వచ్చింది. అక్టోబర్ 12న భూమికి సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలో దాటిపోయింది.

హైదరాబాద్‌లోని మెట్టుగూడ డాబాల మీది నుంచి చూసేవాళ్లకు ఇది రెండు విడతలుగా దక్కింది. సెప్టెంబర్ చివర్లో తెల్లవారుజామున తూర్పున, తార్నాక వైపు ఆకాశంలో. అక్టోబర్ రెండో వారం గడిచాక పొద్దుగుంకిన వెంటనే పడమట, సికింద్రాబాద్ స్టేషన్ వైపు. రెండో విడతలో జాడ పట్టడం తేలిక. పడమటి దిక్కున కిందుగా శుక్రుడు వెలుగుతున్నాడు, అతనికి కుడివైపున స్వాతి నక్షత్రం ఉంది. ఆ రెంటి నడుమ వెతికితే చాలు. అక్టోబర్ 15 ప్రాంతంలో అది సర్పమండలంలోని ఎం 5 అనే గోళాకార నక్షత్ర గుచ్ఛానికి దగ్గరగా వచ్చింది. నక్షత్రాలు కిక్కిరిసిన ఆ గుండ్రటి మసకనూ, ధూళీ వాయువులతో నిండిన తోకచుక్క తలనూ వెంట వెంటనే చూసి పోల్చుకునే అవకాశం అరుదుగా వస్తుంది.

మన పడమటి ఆకాశం నల్లటి ఆకాశం కాదు. రైల్వే యార్డు ఎత్తు దీపాలు, మెట్రో వంతెన దీపాలు, అపార్ట్‌మెంట్ల వెలుగు, వాటి మీద పేరుకున్న దుమ్ముపొర అన్నీ అటువైపే ఉన్నాయి. అయినా హైదరాబాద్‌కు ఒక అదృష్టం ఉంది. మనం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువునా కుంగుతాడు కాబట్టి సంధ్యవెలుగు త్వరగా ముగుస్తుంది. ఐరోపాలో ఇంకా వెలుతురు పోకముందే కిందికి దిగిపోయే తోకచుక్కలు కొన్ని మనకు చీకటి పడ్డాక కూడా కాస్త ఎత్తులో నిలుస్తాయి. సూర్యుడికి దగ్గరగా ఉన్న తోకచుక్కను చూడాలంటే ఉష్ణమండలంలో ఉండటం పెద్ద వరం.

రూపం ఎందుకు మారుతుంది

తోకచుక్క అసలు శరీరం చాలా చిన్నది. మంచు, ధూళి కలిసిన కొన్ని కిలోమీటర్ల ముద్ద. దాన్ని కేంద్రకం అంటారు. సూర్యుడి వేడికి ఆ మంచు కరిగి నీరు కాకుండానే నేరుగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి ధూళిని కూడా వెంటబెట్టుకుని బయటికి చిమ్ముతుంది. కేంద్రకం చుట్టూ వేల, లక్షల కిలోమీటర్ల మేర పరుచుకునే ఆ మసక మేఘమే కోమా, అంటే మనకు కనిపించే తల. సూర్యకాంతి ఒత్తిడికి వెనక్కి వంగే ధూళి ఒక తోక. సూర్యుడి నుంచి వీచే సౌరపవనం ఈడ్చుకుపోయే విద్యుదావేశ వాయువు రెండో తోక. మొదటిది పసుపు ఛాయలో విచ్చుకుని వంపు తిరిగి ఉంటుంది, రెండోది నీలి ఛాయలో సన్నగా తిన్నగా సాగుతుంది. కొన్ని తోకచుక్కల తలలో కనిపించే ఆకుపచ్చ వెలుగుకు రెండు కార్బన్ పరమాణువులు జతకట్టిన అణువు కారణం.

ఇందులో ప్రతి భాగమూ తన తీరున తాను మారుతుంది. సూర్యుడికి దూరం తగ్గే కొద్దీ ఆవిరి పెరుగుతుంది. కేంద్రకం తిరిగే కొద్దీ ఎండ తగిలే పగుళ్లు మారి చిమ్మే దిశ మారుతుంది. సౌరపవనంలో ఒడుదొడుకు వస్తే వాయు తోక తెగిపోయి మళ్లీ మొలుస్తుంది. వీటికి తోడు మనం చూసే కోణం కూడా రోజురోజుకూ మారుతుంటుంది. 2024 అక్టోబర్ 9 ప్రాంతంలో ఆ తోకచుక్క భూమికీ సూర్యుడికీ మధ్య దిక్కున ఉంది. వెనక నుంచి పడిన సూర్యకాంతిని దాని ధూళి మనవైపు చిమ్మడంతో వెలుగు ఒక్కసారిగా పెరిగింది. అక్టోబర్ 14 ప్రాంతంలో భూమి దాని కక్ష్యాతలాన్ని దాటింది. ఆ తలంలో పలచగా పరుచుకున్న ధూళిని మనం అంచు నుంచి చూశాం కాబట్టి, సూర్యుడి వైపు గురిపెట్టినట్టున్న సన్నటి ఎదురుతోక కనిపించింది. తోకచుక్క చేసిన కొత్త పని అందులో ఏదీ లేదు, మనం నిలబడిన చోటు మారిందంతే. ఏ మార్పు తోకచుక్కది, ఏ మార్పు మన చూపుకోణానిది అని విడదీయడమే పరిశీలకుల మొదటి పరీక్ష. ఏ రోజుకారోజు నమోదు చేసిన పుస్తకం చేతిలో ఉంటేనే ఆ పరీక్షకు సమాధానం దొరుకుతుంది.

ఐపీస్ దగ్గర

పని టెలిస్కోప్‌తో మొదలవ్వదు, చీకటితో మొదలవుతుంది. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెర వెలిగిస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలోకి టెలిస్కోప్ జరుపుకుంటారు. తలమీద నల్లగుడ్డ కప్పుకుని వీధిదీపం వెలుగు కంటి పక్కన పడకుండా చూసుకుంటారు. రాసుకోవడానికి మసక ఎర్రదీపం వాడతారు.

తర్వాత బయటి నుంచి లోపలికి చూస్తూ పోవాలి. మొదట మామూలు కంటితో, ఆపైన బైనాక్యులర్‌తో, ఆ తర్వాత టెలిస్కోప్‌లో అతి తక్కువ పెంపుతో తోక, కోమా అంచులు చూస్తారు. వాటి పని ముగిశాకే పెంపు పెంచి కేంద్రకం చుట్టుపక్కలకు వెళతారు. ఈ వరస తప్పకూడదు. పెంపు ఎక్కువైతే కోమా అంచు వెలుగు పలచబడి కంటికి ఆనదు, తల అసలు పరిమాణంలో సగమే ఉందనిపిస్తుంది. పెంపు తక్కువైతే కేంద్రకం దగ్గరున్న జెట్‌లు (ధూళి చిమ్మే ధారలు), పొరలు ఒకే ముద్దగా కలిసిపోతాయి. ఏ ఒక్క పెంపూ మొత్తం తోకచుక్కను చూపించలేదు. బొమ్మ నాలుగైదు చూపుల కూర్పు.

మసక వెలుగును సూటిగా చూడకూడదు. కంటి మధ్యభాగం రంగులకూ వివరాలకూ మంచిది గానీ మందమైన వెలుగును పట్టలేదు. చూపును కాస్త పక్కకు మళ్లిస్తే, అప్పటిదాకా లేని తోక కొస మెల్లగా తేలుతుంది. టెలిస్కోప్ గొట్టాన్ని వేలితో తేలిగ్గా తట్టడం ఇంకొక కిటుకు. నిశ్చలంగా ఉన్నప్పుడు కన్ను వదిలేసే మసక అంచు, కదిలినప్పుడు పట్టుబడుతుంది. ఇవి నేర్చుకున్న కన్ను చేసే పనులు. అదే టెలిస్కోప్‌లో కొత్తవాళ్లకు దూదిపింజలాంటి మరక మాత్రమే కనిపించడమూ, పదేళ్లు చూసినవాళ్లకు అందులో పొర మీద పొర విడిగా తెలియడమూ ఈ సాధన వల్లే.

కొలత

కన్ను చూసిందాన్ని అంకెగా మార్చడం పనితనంలో రెండో మెట్టు. ఇక్కడ ఖరీదైన పరికరాలు ఏవీ లేవు. ఉన్న ఉపాయాలు చూస్తే ముచ్చటేస్తుంది.

కోమా వెడల్పు కొలవాలంటే టెలిస్కోప్‌ను కదలకుండా ఆపేస్తారు. భూమి తిరుగుతుంది కాబట్టి తోకచుక్క ఐపీస్ మధ్యనున్న పోగు మీదుగా జారిపోతుంది. ముందు అంచు పోగును తాకిన క్షణం నుంచి వెనక అంచు దాటేదాకా సెకన్లు లెక్కపెడతారు. ఖగోళ మధ్యరేఖ దగ్గర ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్ల చొప్పున జరుగుతుంది. నలభై సెకన్లు పడితే కోమా వెడల్పు పది ఆర్క్ నిమిషాలు, అంటే చంద్రబింబం వెడల్పులో మూడోవంతు. మధ్యరేఖకు దూరంగా ఉంటే ఆ దూరాన్ని బట్టి లెక్కను సవరించాలి. 2024 అక్టోబర్ మధ్యలో ఆ తోకచుక్క మధ్యరేఖ చేరువలోనే ఉంది కాబట్టి సవరణ అవసరం నామమాత్రమే. భూమి భ్రమణాన్నే గడియారంగా, కొలబద్దగా వాడుకునే ఈ పద్ధతికి కావలసింది ఓపికా ఒక స్టాప్‌వాచీ.

కోమా ఎంత చిక్కగా ఉందో చెప్పడానికి సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక మెట్ల వరస ఉంది. మధ్యలో ఏమాత్రం చిక్కదనం లేకుండా ఒకేలా పరుచుకున్న మసక అయితే సున్నా. నక్షత్రంలా చుక్కగా కనిపిస్తే తొమ్మిది. రోజూ ఈ అంకె రాస్తూ పోతే, కేంద్రకం చురుకెక్కుతోందా, ముక్కలై చెదిరిపోతోందా అన్నది ఆ వరసలోనే బయటపడుతుంది. చెదిరిపోయే తోకచుక్కలో అంకె దిగజారుతూ వస్తుంది.

అన్నింటికంటే కష్టమైనది వెలుగు అంచనా. నక్షత్రం చుక్క, తోకచుక్క మరక. ఈ రెంటినీ ఎలా పోల్చాలి? నక్షత్రాన్ని కూడా మరకగా మార్చాలి. ఫోకస్ తప్పించి, నక్షత్రం తోకచుక్క తల అంత సైజుకు ఉబ్బేదాకా తిప్పుతారు. ఫోకస్‌లో చూసిన తోకచుక్క వెలుగును మనసులో నిలుపుకుని, దానికంటే కొంచెం ఎక్కువ వెలుగున్న నక్షత్రం ఒకటి, కొంచెం తక్కువున్నది ఒకటి ఎంచుకుని, ఆ రెంటి నడుమ దీని స్థానం ఎక్కడో తేలుస్తారు. తోకచుక్కనూ నక్షత్రాలనూ కలిపి ఫోకస్ తప్పించే పద్ధతి ఇంకొకటి ఉంది. మామూలు కంటికి తెలిసేంత వెలుగుంటే, హ్రస్వదృష్టి ఉన్నవాళ్లు కళ్లజోడు తీసి ఇదే పని చేస్తారు. పోల్చే నక్షత్రం తోకచుక్క ఉన్నంత ఎత్తులోనే ఉండాలి. క్షితిజానికి దగ్గరున్న వెలుగును గాలి చాలా మింగేస్తుంది. నడినెత్తినున్న నక్షత్రంతో పోలిస్తే, సికింద్రాబాద్ దుమ్ములోంచి చూసిన తోకచుక్కకు అన్యాయం జరుగుతుంది.

గీత

అంకెలన్నీ రాశాక పెన్సిల్ చేతికొస్తుంది. తెల్లకాగితం మీద నల్ల పెన్సిల్‌తో గీస్తారు. ఆకాశం తెలుపు, వెలుగు నలుపు. మొదట గీసేది తోకచుక్కను కాదు, దాని చుట్టూ ఉన్న నక్షత్రాలను. గట్టి పెన్సిల్‌తో వాటి స్థానాలు సరిగ్గా గుర్తిస్తే ఒక చట్రం ఏర్పడుతుంది. అందులో కేంద్రకం చుక్క పెడతారు. తర్వాత మెత్తటి పెన్సిల్ పొడిని వేలి కొసతోనో దూదిపుల్లతోనో లోపల్నుంచి బయటికి పలచగా రుద్దుతారు. కోమాకు అంచు గీత ఉండదు. అది ఎక్కడ ముగిసిందో చెప్పలేకుండా ముగుస్తుంది. అలాంటి ముగింపును కాగితం మీద తేవడంలోనే గీసేవాళ్ల చేతివాటం తెలుస్తుంది. చివర్లో రబ్బరు మొనతో వెలుగు తగ్గిన చోట్లు చెరిపి, కేంద్రకం వెనక నీడలాంటి నల్లగీత ఉంటే అది తీసుకొస్తారు.

బొమ్మ పక్కన ఉత్తరం ఎటు, తూర్పు ఎటు అన్నది తప్పనిసరి. కొన్ని టెలిస్కోప్‌లు తలకిందులుగా చూపిస్తాయి, అద్దం బిగించిన ఐపీస్ కుడి ఎడమలను మార్చేస్తుంది. దిక్కులు రాయని బొమ్మ ఎంత అందంగా ఉన్నా కొలతకు పనికిరాదు. సమయం, అద్దం వ్యాసం, పెంపు, గాలి నిలకడ, పొగమంచు, చంద్రుడి వెలుగు అన్నీ ఒక్కో వాక్యంలో చేరతాయి.

నేను అన్నింటికంటే ఎక్కువగా గౌరవించేది ఆ పుటల్లో కనిపించే నిగ్రహాన్ని. మంచి పరిశీలకులు ఆ రోజు ఫొటోలను ముందుగా చూడరు. చూస్తే, కన్ను చూడనిది చేయి గీసేస్తుంది. నిక్కచ్చిగా కనిపించిందాన్ని గట్టిగా గీస్తారు. కనిపించీ కనిపించనట్టున్నదాని పక్కన అనుమానం అని రాస్తారు. గంట ఆగి మళ్లీ కొత్త కాగితం మీద గీస్తారు. రెండోసారి కూడా అది అక్కడే ఉంటే అప్పుడు అనుమానం తీసేస్తారు. తోక రెండు డిగ్రీలే కనిపిస్తే, అది ఇరవై డిగ్రీలుందని ప్రపంచమంతా అంటున్నా, పుస్తకంలో రెండని రాస్తారు. ఆ రెండు డిగ్రీలు మెట్టుగూడ ఆకాశం గురించి కూడా ఒక నిజం చెబుతాయి.

శిఖరం: 1858

ఈ పనితనం శిఖరానికి చేరిన సందర్భం డొనాటి తోకచుక్క. 1858 జూన్ 2న ఇటలీలోని ఫ్లారెన్స్ నుంచి జొవాన్ని బాటిస్టా డొనాటి దాన్ని కనిపెట్టాడు. సెప్టెంబర్ 30న సూర్యుడికి అతి దగ్గరగా వచ్చింది. అక్టోబర్ 5న దాని తల స్వాతి నక్షత్రం పక్కనుంచి సాగింది. ఆ నెలల్లో అమెరికాలోని హార్వర్డ్ కాలేజి అబ్జర్వేటరీలో జార్జ్ ఫిలిప్స్ బాండ్ 15 అంగుళాల కటకమున్న టెలిస్కోప్‌తో దాని తలను వెన్నాడాడు.

ఫొటోగ్రఫీ అప్పుడు పసిదశలో ఉంది. సెప్టెంబర్ 28న బాండ్ ఆ తోకచుక్కను ఫొటో పలకమీద పట్టే ప్రయత్నం చేశాడు గానీ అందులో పడింది కేంద్రకం దగ్గరి వెలుగు మాత్రమే. మిగిలిందంతా కన్ను, చేయి చేసిన పనే. తల లోపల బాండ్‌కు కనిపించింది ఒకదానిలో ఒకటి ఇమిడిన విల్లుల్లాంటి వెలుగుపొరలు. ఒక పొర కేంద్రకానికి ఆనుకుని పుడుతుంది, రోజురోజుకూ బయటికి విస్తరిస్తుంది, పలచబడి మాయమవుతుంది. ఈలోగా లోపల ఇంకొకటి లేస్తుంది. ఒక్కో పొరకు కేంద్రకం నుంచి ఎంత దూరమో ఏ రోజు ఏ వేళ కొలిచారో బాండ్ నమోదు చేశాడు. తన చూపుతోనే సరిపెట్టుకోకుండా ఇతర వేధశాలల పరిశీలనలను కూడా సేకరించి సరిపోల్చాడు. ఫలితం 1862లో హార్వర్డ్ ప్రచురణల మూడో సంపుటంగా వెలువడింది. నల్లటి నేపథ్యం మీద తోకచుక్క తేలుతున్న ఆ చెక్కుడు చిత్రాల్లో తోక వంపు దగ్గర వెలుగు ఎలా పలచబడుతుందో, కేంద్రకం వెనక చీకటి చార ఎంత పొడవుందో రోజువారీగా చూడొచ్చు. ప్రతి చిత్రానికీ వెనక కొలతల పట్టిక ఉంది కాబట్టే నాకు ఆ అందం మీద గురి. ఈ కృషికి లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బాండ్‌ను స్వర్ణపతకానికి ఎంపిక చేసింది. ఆ గౌరవం పొందిన తొలి అమెరికన్ ఆయనే. 1865 ఫిబ్రవరిలో, నలభయ్యేళ్ల వయసులోపే కన్నుమూశాడు.

ఆ పొరలు ఎందుకు పుడుతున్నాయో బాండ్‌కు తెలియదు. తోకచుక్క కేంద్రకం మంచుముద్ద అన్న భావనే ఇంకా రాలేదు. ఆ భావనను 1950లో ఫ్రెడ్ విపుల్ అదే హార్వర్డ్ నుంచి ప్రతిపాదించాడు. 1978లో విపుల్ డొనాటి తోకచుక్క పాత కొలతలను మళ్లీ తీశాడు. ఒక్కో పొర విస్తరించిన వేగాన్ని బట్టి వెనక్కి లెక్కకట్టి, అది కేంద్రకాన్ని విడిచిన వేళను తేల్చాడు. ఆ వేళల మధ్య ఎడాన్ని పట్టి చూస్తే అవి 4.6 గంటల లయలో ఇమిడాయి. కేంద్రకం తన చుట్టూ తాను అంతసేపట్లో తిరుగుతోందనీ, ప్రతి భ్రమణంలో ఒకే చోటుకు ఎండ తగిలి ధూళి చిమ్ముతోందనీ విపుల్ నిర్ణయించాడు. గీసినవాళ్లకు తెలియని రహస్యం వాళ్ల కొలతల్లో నూట ఇరవై ఏళ్లు భద్రంగా ఉంది. తెలిసినదానికి సరిపడేలా కొంచెం సవరించి గీసి ఉంటే ఆ లయ దొరికేది కాదు.

1997లో మనకు దక్కిన పాఠం

తల లోపల పొరలు పుట్టి విస్తరించే అదే ఆటను హైదరాబాద్ వాళ్లు 1997 మార్చి, ఏప్రిల్ సాయంత్రాల్లో వాయవ్య దిక్కున చూడగలిగారు. హేల్–బాప్ తోకచుక్క 1997 ఏప్రిల్ 1న సూర్యుడికి దగ్గరగా వచ్చింది. పద్దెనిమిది నెలలకు పైగా మామూలు కంటికి కనిపించి రికార్డు నెలకొల్పింది. చిన్న టెలిస్కోప్‌లో కూడా దాని తలలో విల్లులాంటి పొరలు ఒకదాని వెనక ఒకటి తెలిశాయి. దీపావళి భూచక్రం తిరుగుతూ నిప్పురవ్వలను చుట్టలుగా విసిరినట్టు, తిరిగే కేంద్రకం ధూళిని విసిరింది.

ఆ కేంద్రకం ఒక చుట్టు తిరగడానికి సుమారు 11.3 గంటలు పట్టేది. ఇందులో మనలాంటి వాళ్లకు ఒక చక్కటి సౌకర్యం ఉంది. ఇరవై నాలుగు గంటల్లో అది రెండు చుట్లు పూర్తిచేసి, మూడో చుట్టులో ఎనిమిదో వంతు ముందుకు వెళుతుంది. కాబట్టి రోజూ సాయంత్రం ఒకే వేళకు ఒకే డాబా మీద గీస్తే, ప్రతి బొమ్మలోనూ కేంద్రకం ఒక్కో మెట్టు ముందుకు జరిగి ఉంటుంది. ఎనిమిది సాయంత్రాల బొమ్మలు వరసగా పెడితే పూర్తి భ్రమణం ఒకటి కళ్లముందు నిలుస్తుంది. వాతావరణం కలిసొచ్చి, రోజూ ఒకే వేళకు పెన్సిల్ పట్టే క్రమశిక్షణ ఉంటే, మామూలు టెలిస్కోప్‌తోనే ఇంత పని జరుగుతుంది.

నీలి లైను మీద ఒక వేధశాల

మెట్టుగూడలో మెట్రో ఎక్కి సికింద్రాబాద్ ఈస్ట్, పరేడ్ గ్రౌండ్, ప్యారడైజ్, రసూల్‌పురా, ప్రకాశ్‌నగర్ దాటితే బేగంపేట వస్తుంది. ఇప్పుడు సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ ఉన్న ఆవరణలోనే నిజామియా అబ్జర్వేటరీ పనిచేసింది. నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ తెప్పించి, 1901లో తన ఫిసల్‌బండ ఎస్టేట్‌లో ఈ వేధశాలకు పునాది వేశారు. ఆరో నిజాం పేరు మీద దానికి నిజామియా అని పేరు పెట్టారు. జఫర్ జంగ్ మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. ఆకాశాన్ని ఫొటోలు తీసే 8 అంగుళాల కుక్ టెలిస్కోప్ 1909లో సిద్ధమైంది.

మరుసటి ఏడాదే హాలీ తోకచుక్క వచ్చింది. తోకచుక్క పొడిస్తే రాజుకు కీడని ఊరూరా అనుకునే రోజుల్లో గురజాడ అప్పారావు ‘ముత్యాల సరములు’లో దాన్ని సంస్కరణకు శుభసూచనగా స్వాగతించారు. ఆకాశాన్ని భయం లేకుండా చూడటం మన కవిత్వంలోకి వచ్చిన ఆ కాలంలోనే, ఆకాశాన్ని కొలవడం మన నగరంలో దినచర్యగా మారుతోంది.

ఆ దినచర్య పేరు ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని, ప్రతి నక్షత్రం స్థానాన్నీ నమోదు చేసే బృహత్ కార్యక్రమం అది. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ హైదరాబాద్ వాటాకు వచ్చింది. ఆర్థర్ చాట్‌వుడ్, రాబర్ట్ పొకాక్, ఆ తర్వాత 1918 నుంచి పాతికేళ్లకు పైగా టి.పి. భాస్కరన్ నాయకత్వంలో సిబ్బంది పలకలు తీశారు. ప్రతి పలకా రెండు డిగ్రీల చదరం. దాని మీద సన్నటి గళ్లు. ఒక్కో గడిలో ఒక్కో నక్షత్రానికీ అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని సూక్ష్మదర్శినిలో చూసి రాయాలి. అలా ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు అచ్చయ్యాయి. 1922లో బిగించిన 15 అంగుళాల టెలిస్కోప్‌తో వెలుగు మారే నక్షత్రాలనూ, చంద్రుడు నక్షత్రాలను కప్పే క్షణాలనూ, తోకచుక్కలనూ కంటితో పరిశీలించారు.

ఆ కొలతలు అల్మరాల్లో మిగిలిపోలేదు. అన్ని వేధశాలల పట్టీలను అమెరికా నేవల్ అబ్జర్వేటరీ 1990లలో ఒకే జాబితాగా కూర్చింది. హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచిన స్థానాల పక్కన ఈ పాత స్థానాలు పెట్టి, దాదాపు ఒక శతాబ్దంలో ఏ నక్షత్రం ఎంత జరిగిందో లెక్కకట్టారు. 2000లో వెలువడిన టైకో–2 జాబితాలోని 25 లక్షల నక్షత్రాల కదలికల్లో బేగంపేట సిబ్బంది చూపు కూడా ఇమిడి ఉంది. ఉపగ్రహం ఎంత గొప్పదైనా గతంలోకి వెళ్లి కొలవలేదు. ఆ పని అప్పటివాళ్లు అప్పుడే చేసిపెట్టాలి.

ఆ ఆవరణలో సహాయకుడిగా పనిచేసిన ఉద్యోగి కొడుకే వేణు బప్పు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ ఉపకారవేతనంతో 1949లో హార్వర్డ్ చేరారు. బాండ్ డొనాటిని గీసిన సంస్థ, విపుల్ మంచుముద్ద సిద్ధాంతానికి రూపం ఇస్తున్న సంస్థ అదే. ఆ ఏడాది జూలై 2న తాను తీసిన ఫొటో పలకను పరిశీలిస్తుండగా నక్షత్రాల నడుమ ఒక మసక చార బప్పు కంటపడింది. పలక మీద గీత ఉంటే అది గీటా, మరకా, వెలుగా అని తేల్చుకోవాలి. గురువు బార్ట్ బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకర్క్‌లతో కలిసి నిర్ధారించుకున్నాక అది బప్పు–బాక్–న్యూకర్క్ తోకచుక్కగా నమోదైంది. పసిఫిక్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఇచ్చే డొన్హో పతకం బప్పుకు దక్కింది. తర్వాతి కాలంలో ఆయన కావలూరు వేధశాలను నిలబెట్టి, అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడయ్యారు. చిన్నప్పటి నుంచీ బేగంపేటలో కొలతలు జరుగుతుండగా చూసిన కన్ను అది. వేల చుక్కల్లో ఒక్క చుక్క తేడాగా ఉందని పట్టగలగడం అలాంటి వాతావరణంలో అబ్బే విద్య.

ఇప్పటికీ మిగిలి ఉన్న పని

ఇప్పుడు ఫోన్ కెమెరా కూడా తోకచుక్కను పట్టేస్తుంది కదా, ఇక ఈ పెన్సిల్ ఎందుకు అని అడిగేవాళ్లకు నా దగ్గర సమాధానం ఉంది. పందొమ్మిదో శతాబ్దం నుంచి తోకచుక్కల వెలుగు లెక్కలు మనిషి కంటితో కట్టినవి. వాటితో నేటి తోకచుక్కను పోల్చాలంటే అదే కన్ను, అదే పద్ధతి కావాలి. కెమెరా సెన్సర్ రంగులను వేరేలా చూస్తుంది, కోమా బయటి అంచును వేరే చోట తెంపుతుంది. అందుకే స్లోవేనియాలోని చర్ని వర్హ్ వేధశాల నడిపే తోకచుక్కల భాండాగారం ఈనాటికీ ఔత్సాహికుల కంటి అంచనాలను స్వీకరిస్తోంది. తేదీ, వేళ, వెలుగు, కోమా వెడల్పు, చిక్కదనం అంకె, తోక పొడవు, దిశ. మెట్టుగూడ డాబా మీది నుంచి వెళ్లిన వరస కూడా అందులో మిగతా దేశాల వరసల పక్కన సమాన హోదాతో చేరుతుంది.

మన బడుల్లో, సైన్సు క్లబ్బుల్లో తోకచుక్క వచ్చిన రాత్రి పిల్లలను వరసలో నిలబెట్టి ఐపీస్‌లోకి ఒక్కసారి చూపించి పంపేస్తుంటాం. ఆ ఒక్క చూపుకు తోడు ఒక తెల్లకాగితం, ఒక పెన్సిల్, వరసగా ఎనిమిది సాయంత్రాలు కూడా ఇద్దాం. నిన్నటి బొమ్మనూ ఇవాళ్టి బొమ్మనూ పక్కపక్కన పెట్టి, తేడా తోకచుక్కదా, తమ చూపుకోణానిదా, తమ చేతిదా అని వాళ్లనే వాదించుకోనిద్దాం. హాలీ తోకచుక్క 2061లో తిరిగి వస్తుంది. ఈలోగా పేరు కూడా ఇంకా పెట్టని ప్రకాశవంతమైన తోకచుక్కలు ఎన్నో వస్తాయి. వాటి గురించి రేపటి శాస్త్రవేత్తలు ఏ ప్రశ్న అడుగుతారో మనకు తెలియదు. కనిపించిందాన్ని కనిపించినట్టు కొలిచి, వేళా దిక్కూ రాసి ఉంచితే, ఆ ప్రశ్నకు జవాబు మన పుస్తకాల్లోనే దొరకొచ్చు.